పదిహేడో నంబరు రేకు

జులై 3, గురువారం

ఉదయ్‌కుమార్ ఈ ఉదయం ఒక పాత కంప్యూటర్‌ను స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకొని వానలో వచ్చాడు. పైన ఒక ప్లాస్టిక్ సంచి కప్పాడు, అదీ సగమే. సెక్టర్ 4 నుంచి నెహ్రూ నగర్ దాకా ఉన్న ప్రతి గోతిలోనూ దాన్ని ఒకసారి దింపి తెచ్చినట్టుంది. హార్డ్ డిస్కులో చదివే ముల్లు పళ్ళేనికి ఎంత దగ్గరగా తేలుతుందో అతనికి తెలియదు. తెలియకపోవడం నేరం కాదు. తెలుసుకోవలసింది ఏమీ లేదనే ధీమా ఉన్నదే, దాన్ని నేను సహించలేను. అతను మా భిలాయ్ తెలుగు సంఘానికి కార్యదర్శి.

"అంకుల్, ఇందులో విండోస్ కరాబ్ అయిపోయింది. మొత్తం ఉడాయించేసి లినక్స్ వేసేయండి. వీడియోలో చూశాను, దో ఘంటే కా కామ్. సంఘం యాభై ఏళ్ళ ఎగ్జిబిషన్‌లో దీని మీద పాత ఫోటోలు నడుస్తూ ఉండాలి. ఆగస్టు పదిహేడు."

యంత్రం పంతొమ్మిది వందల తొంభై ఏడు నాటిది. మెమరీ ముప్ఫై రెండు మెగాబైట్లు, డిస్కు రెండు గిగాబైట్లు. అతను వీడియోలో చూసిన లినక్స్‌కు ఇందులో కాలు పెట్టడానికే చోటు లేదు. ఫ్రీడాస్ వేస్తానన్నాను.

"అదేంటి?"

"పాత డాస్ వంటిదే. కొందరు ఓపిక ఉన్నవాళ్ళు మళ్ళీ మొదటినుంచి రాశారు. ఇటువంటి ముసలి యంత్రాలకు అదే సరిపోతుంది."

"ఫోటోలు నడుస్తాయా?"

"నడుస్తాయి."

"చలేగా అంకుల్."

గేటు దాకా వెళ్ళి, అప్పుడు చెప్పాడు: యంత్రం వాసుదేవరావుదట. కూతురు అపర్ణ సంఘానికి ఇచ్చేసిందట. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నేను మరొకరి పేరు చెప్పి పంపించేవాణ్ణి.

వాసుదేవరావు జనవరిలో పోయాడు. నేను వెళ్ళలేదు. ఆ రోజు నాకు జ్వరం.

జులై 5, శనివారం

మూత విప్పాను. లోపల దుమ్ము, ఒక బల్లి గుడ్డు పెంకు, గడియారపు బ్యాటరీ కారి పచ్చబారిన మరక. బ్యాటరీ తీసి, మరకను వెనిగర్‌తో, తర్వాత స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, కొత్తది వేశాను. డిస్కు తిరిగే చప్పుడు చెవి ఆనించి పది నిమిషాలు విన్నాను. బేరింగు కాస్త మూలుగుతోంది. ముల్లు మాత్రం ఆరోగ్యంగా ఉంది. ఉదయ్‌కుమార్ స్కూటర్‌ను కూడా తట్టుకున్నదంటే దాన్ని తయారుచేసినవాళ్ళకు నమస్కరించాలి.

స్క్రూలు నాలుగింటిలో మూడే ఉన్నాయి. వాసుదేవరావు పనితనం. మిల్లులో పదహారేళ్ళు ఒకే మెయింటెనెన్స్ షెడ్డులో పనిచేశాం. నేను ఎలక్ట్రికల్, అతను మెకానికల్. ప్రైవేటు రోలింగ్ మిల్లు అది. మూతబడి చాలా కాలమైంది, ఇప్పుడు షెడ్డు రేకులు కూడా లేవు. అతను నుదుటి మీద కళ్ళజోడు పెట్టుకొని కళ్ళజోడు వెతికే మనిషి. గ్రీజు చేతులతో ఏ కాగితం మీదైనా రాసే మనిషి. మిల్లు ఆఫీసులో ఇదే కంప్యూటర్ వచ్చిన కొత్తలో, చక్కగా నడుస్తున్న పర్మిట్ల రిజిస్టరును, అంటే ఎవరు ఏ యంత్రం కిందికి దిగారో రాసే పుస్తకాన్ని, తీసి దీనిలోకి ఎక్కించాలని మూడు నెలలు కూర్చొని ఒక ప్రోగ్రామ్ రాశాడు. పుస్తకంలో నాలుగు గీతలు గీస్తే అయ్యే పని. మిల్లు సామాన్లు అమ్మేటప్పుడు ఈ డబ్బా ఎందుకు కొనుక్కుపోయాడో ఎవరికీ అర్థం కాలేదు.

జులై 8, మంగళవారం

పాత డాస్ ఫ్లాపీతో యంత్రాన్ని లేపి, డిస్కు గదులు ఎలా ఉన్నాయో చూశాను. గది అంటే పార్టిషన్, ఒకే డిస్కును గోడ కట్టి పంచుకోవడం. రెండు ఉన్నాయి. మొదటిది పెద్దది, చెడిపోయిన విండోస్ ఉన్నది. రెండోది చిన్నది, అయిదువందల మెగాబైట్లు. ప్రతి గదికీ పదకొండు అక్షరాలు మించకుండా ఒక పేరు పెట్టుకోవచ్చు. రెండోదాని పేరు మెన్ ఎట్ వర్క్. ఇంగ్లీషులో, మధ్య ఖాళీలతో కలిపి, సరిగ్గా పదకొండు.

సాయంత్రం ఉదయ్‌కుమార్ ఫోన్ చేస్తే చెప్పాను.

"అదేంటి అంకుల్, రోడ్డు మీద పెట్టే బోర్డా?"

మిల్లులో ఎవరైనా యంత్రం కిందికి దిగేముందు దాని కరెంటు ఆపి, స్విచ్చి మీద ఎర్ర రేకు వేలాడదీస్తారని చెప్పాను. మెన్ ఎట్ వర్క్, ఆద్మీ కామ్ పర్ హై, కింద నంబరు, వేసినవాడి పేరు, తేదీ, టైము. ఆ రేకు ఉన్నంతసేపు ఎవరూ స్విచ్చి వేయకూడదు. వేసినవాడే తీయాలి. మేనేజరైనా ముట్టుకోకూడదు. భిలాయ్‌లో పుట్టి పెరిగినవాడికి ఇది చెప్పవలసి వచ్చింది.

"అచ్ఛా. వేసినోడు పోతే?"

వాసుదేవరావును ఉద్దేశించి అడగలేదు. అతనికి అంత ఆలోచన ఉండదు.

జులై 9

ప్రమాదం జరిగిన రోజు స్విచ్చి మీద రేకు లేదు. విచారణలో చెప్పాను, రాసి ఇచ్చాను.

జులై 12, శనివారం

ఏ డిస్కునైనా ముట్టుకునే ముందు పూర్తిగా నకలు తీయడం నా పద్ధతి. ముప్ఫై ఏళ్ళలో ఒకసారి కూడా తప్పలేదు. మొదటి గదికి నకలు తీశాను. రెండోదానికి తీయలేదు. దానిలో ఫోటోలు లేవు కదా.

ఏముందో మాత్రం చూశాను. పర్మిట్ల ప్రోగ్రామే. తెరవగానే నల్లటి తెర మీద ఒక లైను వస్తుంది: ఒక పర్మిట్ తెరిచి ఉంది. కింద దాని వివరం. నంబరు రెండు వందల పన్నెండు. తేదీ 9-8-2001. చోటు రోలర్ టేబుల్. రేకు నంబరు పదిహేడు. వేసినవారు వాసుదేవరావు, 10:40. పనిలో ఉన్నవారు సింహాచలమ్మ. తీసినవారు అన్న గడి ఖాళీ. పని ముగిసిందా, వై, ఎన్ అన్నచోట ఎన్.

ఇది రుజువు అనుకున్నాడు పాపం. కంప్యూటర్‌లో ఎవడైనా ఎప్పుడైనా ఏదైనా టైప్ చేసుకోవచ్చు. విచారణ చేసినవాళ్ళూ అదే అన్నారు. స్విచ్చిల ప్యానెల్ మీద రేకు లేదు, కాబట్టి నువ్వు వేయలేదు. తర్వాత వచ్చి ఇందులో ఎక్కించుకున్నావు అన్నారు. సరైన తర్కమే. సింహాచలమ్మ రోలర్ల కింద ఇనుప పొట్టు ఊడుస్తుండగా లైను కదిలింది, కుడి చేతి రెండు వేళ్ళు పోయాయి. వాసుదేవరావును స్టోరుకు మార్చారు. మిల్లు మూసేవరకు అక్కడే బోల్టులు లెక్కపెట్టాడు. పుస్తకంలో సిరాతో రాసి ఉంటే కనీసం సిరా వయసైనా చూసేవారు.

జులై 15

డిస్కులో రాత నిలవని చోట్లు, చెడ్డ సెక్టర్లంటారు, మూడు. మూడూ మొదటి గదిలోనే. రెండో గది శుభ్రంగా ఉంది.

జులై 19, శనివారం

అపర్ణ వచ్చింది. స్కూల్లో కంప్యూటర్లు చెబుతుందట. కీబోర్డు, దాని తీగ, తండ్రి ఫ్లాపీల డబ్బా తెచ్చింది. తీగను ఎనిమిది అంకెలా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. ఆ పని తెలిసిన మనిషి.

వరలక్ష్మి టీ ఇచ్చి, "నాన్న పోలికే తల్లీ, ఆ ముక్కూ అదీ," అంది. మా ఆవిడకు సందర్భం అక్కరలేదు.

"నాన్న రోజూ ఆన్ చేసేవారు అంకుల్," అంది అపర్ణ. "ఒక లైను చూసి బంద్ చేసేవారు. అమ్మకి ఆ డబ్బా అంటేనే మంట. నేను కూడా ఒకసారి అన్నాను. ఆరేళ్ళయింది. ఏదో మాట మీద మాట వచ్చి, గుస్సాలో, మీ మతిమరుపుతో ఒక ఆవిడ చెయ్యి తినేశారు, ఇంకా ఏం చూస్తారు అందులో అని అనేశాను. నాన్న లోపలికి వెళ్ళి మళ్ళీ ఆన్ చేసుకున్నారు."

నేను ఫ్లాపీల డబ్బా తెరిచి చూస్తున్నాను. తారీఖుల వరసలో ఉన్నాయి.

"మీరు ఆ రోజు డ్యూటీలో ఉన్నారు కదా. నాన్న నిజంగానే మర్చిపోయారా?"

"చాలా ఏళ్ళయిందమ్మా," అన్నాను.

"తుడిచేసే ముందు ఎవరైనా చెప్తే బాగుండు అనిపించింది. అంతే. తర్వాత అడగడానికి ఏమీ ఉండదు."

వెళ్ళేటప్పుడు నా ఆరోగ్యం అడిగింది. జనవరిలో నేను రాలేకపోయినందుకు ఏమీ అనుకోలేదంది. ఆ రోజు రాజ్‌నాంద్‌గావ్‌లో ఒక రైస్ మిల్లు కాటా సరిచేసే పని ఉందని చెప్పాను.

జులై 22, మంగళవారం

కొత్త వ్యవస్థ వేయాలంటే పాత మొదటి గదిని తీసేయాలి. గదులు కట్టే, కూల్చే పాత పనిముట్టు ఎఫ్‌డిస్క్‌కు ఒక నియమం ఉంది: రెండో గది ఉండగా మొదటిదాన్ని తీయనివ్వదు. కాబట్టి ముందు రెండోదాన్ని తీయక తప్పదు. ఇది నా నిర్ణయం కాదు, పనిముట్టు నిర్ణయం.

ఏ గదిని తీయాలో అడిగింది. చెప్పాను. లోపల ఉన్నదంతా పోతుందని హెచ్చరించింది. ఆ తర్వాత ఆ గది పేరును నన్నే టైప్ చేయమంది. పొరపాటున ఎవరూ చెరపకూడదని ఆ ఏర్పాటు. దేన్ని చెరుపుతున్నావో దాని పేరు నీ చేత్తో రాయాలి. మంచి ఏర్పాటు. రాసినవాడెవరో మనుషులను ఎరిగినవాడు.

టైప్ చేశాను. మెన్ ఎట్ వర్క్. పదకొండు.

నిశ్చయమేనా, వై, ఎన్ అంది.

కరెంటు పోయేలా ఉందని ఆపేశాను.

జులై 23

కరెంటు పోలేదు. ఈ రోజు కూడా పోలేదు.

జులై 26, శనివారం

ఉదయ్‌కుమార్ ఫోన్. "అంకుల్, అయిపోయిందా? రెండు గంటల పని కదా, మూడు వారాలు అయింది." పరాచికం. ఫోటోలు పంపాడు, నాలుగు వందలు, అన్నీ అడ్డంగా తిరిగి ఉన్నాయి. ప్రతిదాన్నీ నిటారుగా తిప్పి, దీని తెరకు సరిపడేలా కుదిస్తున్నాను. ఒకదానిలో సంఘం నాటకంలో వాసుదేవరావు ధర్మరాజు వేషంలో ఉన్నాడు. కిరీటం కింద కళ్ళజోడు తీయడం మర్చిపోయాడు. దాన్ని మాత్రం కుదించకుండా ఉంచాను. కుదించకపోయినా ఎందుకో ఆ ఫైలు సరిగా తెరుచుకుంది.

రేకులు మర్చిపోయేవాళ్ళ గురించి ఇక్కడ ఒకసారి రాసుకోవాలి. షిఫ్టు దిగిపోతూ రేకు తీయకుండా ఇంటికి పోతారు. తర్వాతి షిఫ్టువాడు లైను ఆపుకొని, పోయినవాడి ఇంటికి మనిషిని పంపించి, వాడు స్నానం చేసి వచ్చేదాకా కూర్చోవాలి. ఆ వారం ముందే వాసుదేవరావు అలా ఒకటి మర్చిపోయాడు. మిల్లు రెండు గంటలు ఆగింది. అందరి ముందూ నేనే అతన్ని కడిగేశాను. అలాంటి మనిషి రేకు ఒకటి ప్యానెల్ మీద కనిపిస్తే, అది పాతదే అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

అంటే, కనిపించి ఉంటే.

జులై 30, బుధవారం

డిస్కుకు నాలుగో స్క్రూ కావాలి. సరైన మర ఉన్న స్క్రూ బజారులో దొరకదు. నా పాత టూల్‌బాక్స్ అడుగున ఉంటుందని తెలుసు. నేను కళ్ళజోడు తుడుచుకుంటుండగా వరలక్ష్మి పెట్టెను వరండాలో కాగితం మీద బోర్లించేసింది.

"ఏటిది, ఎర్ర రేకు? ఇన్నేళ్ళూ ఇనప ముక్కలు దాసుకుంటారేటి? కబాడీవోడు వొచ్చినప్పుడు ఇచ్చీనా?"

చేతిలోంచి లాక్కున్నాను. అలా ఎప్పుడూ చేయలేదు. ఆమె నన్నూ రేకునూ చూసి, పప్పు చూడటానికి వెళ్ళింది.

రేకు మీద చీటీ ఉంటుంది. దానిపై ప్లాస్టిక్ కవరు. కవరు మీద గ్రీజు, ఎండి గట్టిపడింది. పేరు పైకి కనబడుతోంది. తేదీ, టైము ఉన్నచోటే గ్రీజు. బొటనవేలితో తుడిచాను.

9-8-2001. 10:40.

ఒక్కసారి తుడిస్తే చాలింది.

ఆగస్టు 2, శనివారం

రాస్తాను. ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాసుకునే నేను, స్కూటరువాడి గురించి ఇన్ని మాటలు రాశాను.

9 ఆగస్టు 2001, గురువారం, ఉదయం షిఫ్టు. పదకొండుకు కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్: లైను ఇంకా ఎందుకు లేవలేదు, త్వరగా లేపండి. ప్యానెల్ దగ్గరికి వెళ్ళాను. రేకు ఉంది. పదిహేడు. వాసుదేవరావు పేరు చదివాను. తేదీ మీద గ్రీజు. మళ్ళీ మర్చిపోయాడు వెధవ అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, తేల్చేశాను. తేదీ తుడిచి చూడవచ్చు, చూడలేదు. రోలర్ టేబుల్ అక్కడికి నలభై అడుగులు, నడిచి వంగి చూడవచ్చు, నడవలేదు. అతనికి ఒక కబురు పంపవచ్చు. అప్పుడు అతను వచ్చి, నవ్వుతూ, నుదుటి మీద కళ్ళజోడు కిందికి దించుకొని ఏదో అంటాడు. ఆ నవ్వు చూడటం నాకు ఇష్టం లేదు. రేకు తీసి జేబులో వేసుకొని స్విచ్చి వేశాను. పదకొండూ అయిదు.

ఆమె అరుపు యంత్రం చప్పుడులోంచి కూడా వినిపించింది.

అందరూ అటు పరుగెత్తారు. ప్యానెల్ దగ్గర నేను ఒక్కణ్ణే ఉన్నాను. రేకును తిరిగి తగిలించి, నేను తీశానని చెప్పడానికి కనీసం పది నిమిషాలు సమయం ఉంది. తర్వాత విచారణకు పదకొండు రోజులు ఉన్నాయి. తర్వాత ఇరవై నాలుగేళ్ళు.

నాకు జ్వరం లేదు. రైస్ మిల్లు కాటా కూడా లేదు. జనవరిలో ఆ రోజు సెక్టర్ 4 దాకా వెళ్ళాను. వాళ్ళ వీధి మలుపులో స్కూటర్ ఆపి, వ్యాను కదిలేదాకా నిలబడి, తిరిగి వచ్చేశాను.

ఇంకొకటి. మొదటి గదిని తీయనవసరం లేదు. ఉన్నచోట ఉంచి ఫార్మాట్ చేసి, ఫ్రీడాస్ వేస్తే సరిపోతుంది. రెండో గదికి ఏమీ కాదు. ఇది నాకు జులై ఎనిమిదో తేదీ నుంచే తెలుసు.

ఆగస్టు 4

రేకు వేసినవాడు అందుబాటులో లేకపోతే ఏం చేయాలి? ఉదయ్‌కుమార్ అడిగింది మూర్ఖపు ప్రశ్న కాదు. దానికి నియమం ఉంది. షిఫ్టు బాధ్యుడు పనిలోకి దిగిన ప్రతి మనిషినీ స్వయంగా చూడాలి. బయటికి వచ్చేశామని వాళ్ళ నోటితో చెప్పించుకోవాలి. ఆ తర్వాత తన పేరు రాసి తీయాలి.

ఆ షిఫ్టులో ఎలక్ట్రికల్ బాధ్యుణ్ణి నేనే. పనిలోకి దిగిన మనిషి ఒక్కరే.

ఆగస్టు 6, బుధవారం

క్యాంప్ 2 బస్తీకి వెళ్ళాను, సింహాచలమ్మ అక్కడ ఇడ్లీ బండి నడుపుతోందని విన్నాను. ఇడ్లీ బండి అని అడిగితే ముగ్గురు మూడు బండ్లు చూపించారు. వేళ్ళు లేని అమ్మ అంటే అందరూ ఒకదాన్నే చూపించారు. గరిటె ఎడమ చేత్తో తిప్పుతోంది.

"మిల్లు గణపతిరావును," అన్నాను.

గరిటె ఆపి చూసింది. "కరెంటు బాబుగోరా. ముసిలోరైపోనారు. ఎన్ని ఇడ్లీలు?"

"ఒక మాట చెప్పాలి సింహాచలమ్మా."

"తింటా సెప్పండి. బండి కాడ ఊరికినే నిలబడితే గిరాకీ పోద్ది."

రేకును బండి చెక్క మీద పెట్టాను. మొదటినుంచి చివరిదాకా చెప్పాను, పదకొండూ అయిదుతో సహా. ఆమె ఆవిరి పాత్ర దింపి, పళ్ళాలు విడదీసి, ఇద్దరు కుర్రాళ్ళకు పొట్లాలు కట్టి పంపింది. ఆ తర్వాత చేతులు తుడుచుకుంది.

"వాసుదేవరావు బాబుగోరు ఏటేటా ఒచ్చీవోరు. ఈ నెల్లోనే. అదిగో, ఆ బెంచీ మీద కూకుండీవోరు. రేకు ఏసేనమ్మా, ఒట్టు, నాను ఏసే దింపేను నిన్ను అనీవోరు. నాను పలికీదాన్ని కాదు. గళాసుడు నీళ్ళు కూడా ఇవ్వనేదు ఆయనకి. ఇరవై మూడేళ్ళు ఒచ్చినాడు. ఈ ఏడు రానేదేటి అనుకుంటన్నాను."

"జనవరిలో పోయాడు."

"తెల్దు నాకు."

ఆమె రేకు మీదికి వంగింది. చదవడం రాదు, పదిహేడు అంకెను వేలితో ముట్టుకుంది.

"నా సేతి ఏళ్ళు పోనాయని ఏడిసీసేను బాబుగోరూ, అది అయిపోనాది. ఇది ఎలాగవుద్ది? మంచోడిని పట్టుకోని ఇరవై మూడేళ్ళు ఎదవని సేసేను. ఇప్పుడు నానెవులికి సెప్పుకోను?"

నియమం చెప్పాను. ఆమె బయటికి వచ్చానని చెబితే నా పేరు వేసి ఆ పర్మిట్‌ను ముగించవచ్చునని. చెబుతున్నంతసేపు నా గొంతు విచారణలో ఉన్నట్టే ఉంది, స్పష్టంగా, తొణక్కుండా.

"ముగించీడానికా ఒచ్చినారు?" అంది.

ఆమె రేకును నా వైపు జరిపింది.

"రానేదని రాయండి. నాను బయటికి రానేదు. మీ పేరు ఎయ్యండి, అది మీ ఇష్టం. ముగిసినాదని మాత్రం రాయకండి. ముందు ఆయన కూతురికి సెప్పండి, ఎల్లండి."

ఇడ్లీ పళ్ళెం నా వైపు తోసి, పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టింది. అతనికి ఇవ్వని నీళ్ళు. నేను తాగలేకపోయాను. "తాగండి," అంది. "పారబోస్తే నాను ఊరుకోను." తాగాను.

ఆగస్టు 9, శనివారం

సెక్టర్ 4. అపర్ణ ఇల్లు. అదే తేదీ, నేను ఎంచుకోలేదు, ఆమెకు ఈ రోజే సెలవు.

అంతా విన్న తర్వాత రేకును దీపం కిందికి తీసుకువెళ్ళి చూసింది. "నాన్న రాతే. సున్నాకి అడ్డగీత పెట్టేవారు."

"అవును."

"ఇరవై నాలుగేళ్ళు ఎక్కడ ఉంది ఇది?"

"నా టూల్‌బాక్స్‌లో."

"మా ఇంటికి మీ టూల్‌బాక్స్ ఎంత దూరం అంకుల్?"

"ఆరు కిలోమీటర్లు," అన్నాను. జవాబు సరైనదే. అలాంటి జవాబులు చెప్పడంలో నాకు పేరుంది.

ఆమె లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"నేను ఆయన్ని అన్న మాట వాపస్ తీసుకోలేను. మీరు కూడా మాఫీ అడగకండి, నా దగ్గర లేదు. రేపు వస్తాను. ఆ ఖాళీ గడి నా ముందు నింపండి."

ఆగస్టు 10, ఆదివారం

ఉదయం మొదటి గదిని ఫార్మాట్ చేశాను. మూడు చెడ్డ సెక్టర్లనూ గుర్తుపెట్టి పక్కన పెట్టింది. రెండో గదికి నకలు తీశాను, రెండు కాపీలు. ఫ్రీడాస్ ఎక్కించాను. నలభై నిమిషాలు పట్టింది. ఉదయ్‌కుమార్ చెప్పిన రెండు గంటల కంటే తక్కువే.

వాసుదేవరావు ప్రోగ్రామ్ కొత్త వ్యవస్థ మీద ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది. దాని లోపల చూశాను. ప్రతి వరుస పక్కన అది ఏం చేస్తుందో చిన్న వాక్యంలో రాసిపెట్టాడు, తర్వాత వచ్చేవాడి కోసం. ఇంత శుభ్రమైన పని నేను చాలా తక్కువ చూశాను. పుస్తకంలో నాలుగు గీతలు చాలునని జులై 5న రాశాను. ఆ మాటను కొట్టివేయడం లేదు, ఉండనివ్వాలి.

పదకొండింటికి అపర్ణ వచ్చింది. రెండు వందల పన్నెండో పర్మిట్ తెరిచాను. తీసినవారు అన్న గడిలో నా పేరు టైప్ చేశాను. గణపతిరావు, ఎలక్ట్రికల్. 9-8-2001, 11:05. కారణం అన్నచోట అరవై అక్షరాలకు చోటు ఉంది. రేకు పాతదని అనుకున్నాను, తుడిచి చూడలేదు అని ఇంగ్లీషులో రాశాను. చోటు మిగిలింది.

పని ముగిసిందా అని అడిగింది.

"సింహాచలమ్మగారు ఏమన్నారు?" అంది అపర్ణ.

ఎన్ నొక్కాను.

"ఇది కూడా చూపించాలి ఎగ్జిబిషన్‌లో," అంది. "ఫోటోల కంటే ముందు."

యంత్రం లేవగానే నడిచే ఫైలులో మొదటి వరుసగా పర్మిట్ల ప్రోగ్రామ్ పెట్టాను. రెండో వరుస ఫోటోలు.

రాత్రి భోజనాల దగ్గర వరలక్ష్మికి కూడా చెప్పాను. రేకు లాక్కున్నప్పుడే ఏదో ఉందనుకున్నానంది. మజ్జిగ పోయడం మర్చిపోయింది, నేనూ అడగలేదు.

ఆగస్టు 17, ఆదివారం

సంఘం హాలు. పది గంటలకు యంత్రం లేచింది. నల్లటి తెర, ఒక పర్మిట్ తెరిచి ఉంది, కింద నా పేరు. మిల్లులో పనిచేసినవాళ్ళు నలుగురు వచ్చారు. ఒకరు చదివి, నావైపు చూడకుండా వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. మిగిలినవాళ్ళు అర్థం కానట్టు నటించారు. ఎవరైనా మీట నొక్కితే ఫోటోలు మొదలవుతాయి. నొక్కడానికి చాలాసేపు ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం సింహాచలమ్మ బండి కట్టేసి వచ్చింది. అపర్ణ ఆమెను తండ్రి ఫోటో దగ్గరకు తీసుకువెళ్ళింది, ధర్మరాజు కిరీటం కింద కళ్ళజోడు. ఇద్దరూ అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. వినవలసినది కాదు.

రేకును యంత్రం స్విచ్చికి తీగతో వేలాడదీశాను. ఆఖరున గ్రూప్ ఫోటోకు అందరూ నిలబడ్డారు. ఉదయ్‌కుమార్ నా దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, అది ఫోటోలో కాస్త అజీబ్‌గా, ఏదోలా ఉంది. ఒక్క నిమిషం తీసి మళ్ళీ పెట్టేద్దామా?"

"తీయవచ్చు. తీసేవాళ్ళు పేరు రాయాలి."

అతను రేకు దాకా చెయ్యి చాచాడు. పేరు చదివాడు. తేదీ చదివాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వానలో కంప్యూటర్‌ను కాళ్ళ మధ్య పెట్టుకొని వచ్చినవాడు. ఆ రోజు నేను చేయనిది చేశాడు.